పడవ గ్రంథాలయం నుండి ఫోను తెర దాకా
(పెద్దలను వెంటబెట్టుకొని నడచిన డెల్టా చరిత్ర)

చరిత్ర అంటే రాజులు, కోటలు, యుద్ధాలు మాత్రమేనని మన పిల్లలు అనుకుంటారు. దూరాన ఉన్న తమవాళ్ల ఖైరియత్ జనం ఏ విధంగా తెలుసుకున్నారు, సర్కారుకు తమ మాట ఏ విధంగా చేర్చుకున్నారు అన్నది కూడా చరిత్రే. నేడు మన మొహల్లాలలోని బుజుర్గులకు పెన్షను, రేషను, బ్యాంకు, చివరకు పరాయి ఊళ్లో ఉన్న కొడుకుతో నాలుగు మాటలు కూడా ఒక ఫోను తెర వెనుకకు వెళ్లిపోయినవి. ఆ తెర తెరవడం తెలియని పెద్దవారు నలుగురి మధ్య కూర్చుండి కూడా ఒంటరివారవుతున్నారు. ఇది కొత్త బాధ అనిపిస్తుంది గాని, మన బెజవాడ, కృష్ణా డెల్టాలు ఇటువంటి బాధను ఇదివరకే ఎదుర్కొన్నవి. ఆ అనుభవం మనకు పనికివస్తుంది.

బెజవాడ వేసిన బాట

బెజవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో వెలిసినది. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకట రమణయ్యగారు మొదలైనవారి కృషితో అక్కడే ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఒక సంఘంగా ఏర్పడినారు. ఆ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆయనకు చిన్ననాటి నుండి చూపు తక్కువ. తరువాత పూర్తిగా పోయినది. తాను చెబుతుంటే ఇతరులు వ్రాసిపెట్టగా ఆయన గ్రంథాలు తయారయినవి. పక్కన ఒక మనిషి ఉంటే కంటిచూపు లేమి కూడా విద్యకు అడ్డు కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏమి కావాలి?

అయితే పుస్తకం పట్టణంలో ఉంటే పల్లెవానికి ఏమి లాభం? 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టాలో కాలువలు నీటితోపాటు పడవలను కూడా నడిపించినవి. 1935లో పాతూరి నాగభూషణంగారు ఈ పడవలనే ఉపయోగించుకొని, పడమటి డెల్టాలో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపినారు. గ్రంథాలయానికి రాలేని మనిషి దగ్గరకు గ్రంథాలయమే పోయినది. ఈ ఉద్యమంలో ముఖ్యులైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వయోజన విద్య కోసం కూడా ఎంతో శ్రమించినారు. చదువు దాటిపోయిన వయసు అంటూ ఏదీ లేదని ఆ పెద్దల నమ్మకం.

ఖత్ వ్రాసిపెట్టే చేయి

చదువు రానివారికి పోస్టాఫీసు అరుగు మీద ఉత్తరాలు వ్రాసిపెట్టేవారు ఉండేవారు. వచ్చిన ఉత్తరాన్ని పోస్టుమేనే చదివి వినిపించేవాడు. మనీయార్డరు రూపాయలతోపాటు కొడుకు క్షేమ సమాచారం కూడా ఆయన నోటి నుండే వచ్చేది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయినది. రేడియో వృద్ధులకు ఇట్టే స్నేహితుడైనది. ఎందుకంటే రేడియో మనిషిని ఏమీ అడగదు. మీట తిప్పితే చాలు, మాట్లాడుతుంది. నేటి ఫోను అట్లా కాదు. నంబరు అడుగుతుంది, పాస్‌వర్డు అడుగుతుంది, ఓటీపీ అడుగుతుంది, అదీ కొద్ది నిమిషాలలోనే చెప్పమంటుంది. మన పెద్దలు భయపడేది యంత్రానికి కాదు, ఈ ప్రశ్నలకు.

వేలిముద్ర కాలం

2011లో మీసేవ వచ్చినది. 2015లో కృష్ణా జిల్లా రేషన్ షాపులలో వేలిముద్ర మిషన్లు వచ్చినవి. దొంగ కార్డులు అరికట్టడానికి అది మంచి సాధనమే. కాని నాట్లు వేసి, సిమెంటు కలిపి, అంట్లు తోమి గీతలు అరిగిపోయిన వేళ్లను మిషను గుర్తుపట్టదు. జీవితమంతా కష్టపడిన చేతికే ఈ చిక్కు. అందుకే కంటిపాప, ముఖం చూసి గుర్తించే పద్ధతులు తరువాత వచ్చినవి. పెన్షనరు బ్రతికి ఉన్నట్లు చూపే సర్టిఫికెట్టు 2014 నవంబరు నుండి కంప్యూటరులో, 2021 నవంబరు నుండి ముఖం చూపించి ఫోనులోనే ఇచ్చే వీలు కలిగినది.

2019 ఆగస్టు 15న విజయవాడలోనే వాలంటీర్ల వ్యవస్థ ప్రారంభమైనది. 2020 ఫిబ్రవరి నుండి పెన్షను ఇంటి గడపకే వచ్చినది. 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం వారిని ఆ పని నుండి తప్పించగా, ఏప్రిల్ ఎండలో చాలామంది వృద్ధులు సచివాలయాలకు నడవవలసి వచ్చినది. ఆ ఏడాది జూలైలో సచివాలయ సిబ్బంది ఇళ్లకు తెచ్చి ఇవ్వసాగినారు. ఎవరిది తప్పు అని విచారించడం నా ఉద్దేశం కాదు. ఒక్క సంగతి గమనించవలెను. సహాయం చేసే చేయి ఒక్కటే ఉంటే, అది తొలగిన రోజున పెద్దవారు నడివీధిలో నిలబడతారు. వ్రాసిపెట్టడం మంచిదే, నేర్పిపెట్టడం ఇంకా మంచిది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు మరో పాఠం దొరికినది. కరెంటు పోయి, ఫోన్లలో చార్జింగు అయిపోయి, మేడ మీద ఉన్న పెద్దవారి జాడ పిల్లలకు తెలియక అల్లాడినారు. ఫోను ఎంత అవసరమో ఆ రోజులు చెప్పినవి. ఫోను మీదనే ఆధారపడరాదని, ఏ ఇంట్లో ఏ వృద్ధులు ఉన్నారో పక్కింటివాడికి తెలిసి ఉండవలెనని కూడా చెప్పినవి.

మనం చేయవలసినది

2025 జనవరి 30న వాట్సాప్ ద్వారానే ప్రభుత్వ సేవలు అందించే "మన మిత్ర" మొదలయినది. 2023లో విజయవాడ నుండే హజ్ విమానాలు బయలుదేరినప్పుడు మనమందరం సంతోషించినాము. ఆ మరుసటి ఏడాది హజ్ యాత్రికుల కోసం కూడా ఒక ఫోను యాప్ వచ్చినది. 2022 మార్చిలో మన శాసనసభ ఉర్దూను రెండవ అధికార భాషగా ఆమోదించినది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోగలగడం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పినది. హక్కు కాగితం మీద ఉన్నది. దానిని నానీ, దాదాల చేతికి అందించేది ఎవరు?

మా ఉర్దూ మీడియం బడులలో పిల్లలున్నారు. వారానికి ఒక గంట, ఒక విద్యార్థి ఒక పెద్దాయన పక్కన కూర్చుంటే చాలు. మొదట ఫోనును ఉర్దూలోకో తెలుగులోకో మార్చి, అక్షరాలు పెద్దవి చేయవలెను. తరువాత ఒక్కటే పని నేర్పవలెను: కూతురికి గొంతుతో కబురు పంపడం. తన మాట చేరి, జవాబు వచ్చినప్పుడు కలిగే ఆనందమే మిగతా పాఠాలకు ఫీజు. పిల్లవాడు ఫోను లాక్కొని తానే నొక్కేయరాదు. పెద్దాయన వేలే నొక్కవలెను, పదిసార్లు తప్పినా సరే. పిన్, ఓటీపీ నేర్పించే పిల్లవానికి కూడా చెప్పరాదు. వీడియోలో పోలీసు వేషం వేసి "మిమ్మల్ని అరెస్టు చేసినాము" అని బెదిరించేవాడు దొంగ అని తెలియజెప్పవలెను. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయవలెను. ముఖ్యమైన నంబర్లు నాలుగు కాగితం మీద పెద్దగా వ్రాసి గోడకు అంటించవలెను.

ఆడవారి సంగతి మరువరాదు. చాలా ఇండ్లలో ఫోను కొడుకు పేరున, కొడుకు జేబులో ఉంటుంది. దాదీ అమ్మకు నేర్పడానికి ఆడపిల్లలే తగినవారు.

ఒకప్పుడు ఈ డెల్టాలో పుస్తకం పడవ ఎక్కి పాఠకుని వెతుక్కుంటూ పోయినది. ఇప్పుడు పడవ అక్కరలేదు, నాలుగు ఇళ్ల అవతలకు నడిస్తే చాలు. మనకు అలీఫ్ బే, అ ఆలు నేర్పినది ఆ పెద్దలే. మనం తప్పు వ్రాసినప్పుడు వారు విసుగుకోలేదు. అదే ఓపికను ఇప్పుడు మనం వారికి తిరిగి ఇవ్వవలసి ఉన్నదని సవినయంగా మనవి చేయుచున్నాను.