స్పానిషు ఇంటిలో అరబ్బీ మాటలు

స్పానిషు భాష నేర్వబూనినవారికి తొలి పాఠములలోనే ఇంటి సామగ్రి పేర్లు ఎదురగును. మేసా యనిన బల్ల, సియా యనిన కుర్చీ, పుయెర్తా యనిన తలుపు. ఇవి లాటిను సంతతి. కిటికీని వెంతానా యందురు. గాలికి లాటినులో గల పేరే దానికి మూలము. పిమ్మట తలగడకు అల్మొఆదా, తివాచీకి అల్ఫోంబ్రా, గోడ అలమారకు అలసేనా అను పేర్లు వచ్చును. వీనిని ఊరక వల్లించి విడిచినచో ఒక చరిత్ర మన చేతికందక జారిపోవునని మేము తలంతుము.

ఈ మూడింటి మొదటనున్న 'అల్' అనునది అరబ్బీలో నామమునకు ముందు చేర్చు శబ్దము. అల్మొఆదాకు మూలమైన అరబ్బీ పదము, చెంప అను అర్థము గల మాటనుండి పుట్టినది. చెంప ఆనించునది గదా తలగడ! 711లో ముస్లిములు స్పెయినున అడుగిడిరి. 1492లో గ్రనడా పడిపోవువరకు ఆ దేశమున ఏదో యొక భాగమున వారి పాలన సాగెను. వారి చేతిపనులతో, వంటలతో మాటలును ఇండ్లలో ప్రవేశించినవి. ఆలివు చెట్టునకు స్పానిషు పేరు లాటినునుండి వచ్చినది. దాని నూనెకు గల 'అసెయితె' అను పేరు అరబ్బీనుండి వచ్చినది.

తరువాతి కథ విషాదకరము. గ్రనడాలో బలవంతముగ క్రైస్తవమున కలుపబడిన ముస్లిముల సంతతివారిని మొరిస్కోలనిరి. వారు మూడేండ్లలో స్పానిషు నేర్వవలెననియు, ఆపై తమ యింటనైనను అరబ్బీ మాటాడరాదనియు 1567లో రెండవ ఫిలిప్పు రాజు శాసనము వెలువడెను. వృద్ధులకది సాధ్యము గాదని ఫ్రాన్సిస్కో నూన్యెస్ మూలే అను మొరిస్కో పెద్ద విన్నవించుకొనెను, ఫలింపలేదు. 1609 మొదలు 1614 వరకు సుమారు 3 లక్షల మందిని దేశమునుండి వెడలగొట్టిరి. ఆ నడుమనే, 1611లో, కోవర్రూబియాస్ పండితుడు ప్రకటించిన నిఘంటువు అనేక స్పానిషు పదములకు అరబ్బీ మూలములను చూపెను. మనుష్యులను వెడలగొట్టిన రాజ్యము వారి తలగడ పేరును వెడలగొట్టలేకపోయెను.

మన యిండ్లలోను పరదేశపు మాటలు లేకపోలేదు. అలమార, బాల్చీ, తువాలు అనునవి పోర్చుగీసువారి రాకతో మన దేశమున వ్యాపించిన మాటలు. స్పానిషులో వీని తోబుట్టువులు అర్మారియో, బాల్దె, తోఆయా. స్పానిషు పాఠము తెరచిన తెలుగువారికి వీని వద్ద పాత పరిచయస్థులను కలిసికొన్నట్లుండును. అల్మొఆదా వద్ద మాత్రము ఒక్క క్షణము నిలిచి, ఆ పేరును తెచ్చినవారిని తలంచుకొనుట న్యాయము.