స్వింగ్ యుగపు బృందవాద్య సంగీతం – సోలో పియానో: ఎడమచేతి చరిత్ర

1930ల నడుమ నుండి 1940ల నడుమ వరకు అమెరికా జనరంజక సంగీతంలో రాజ్యమేలినది స్వింగ్. దానికి వాహకమైనది బిగ్ బ్యాండ్. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు మూడు వరుసలుగా కూర్చుంటాయి. పియానో, గిటారు, బాస్, డ్రమ్స్ కలిసి లయవిభాగమవుతాయి. మొత్తం సుమారు పదిహేను మంది. ఇంతమంది వాయించే రచనను ఒకే వ్యక్తి రెండు చేతులతో పియానోపై పలికించే సంప్రదాయం ఆ కాలంలోనే ఉంది, నేటికీ కొనసాగుతోంది. దీనిని బృందవాద్యానికి సంక్షిప్తరూపంగా, ఒక విధమైన లోపభూయిష్ట అనువాదంగా పరిగణించడం పరిపాటి. చారిత్రక క్రమాన్ని పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు.

బిగ్ బ్యాండ్ నిర్మాతలలో పలువురు స్వయంగా పియానో వాదకులు. ఫ్లెచర్ హెండర్సన్, డ్యూక్ ఎల్లింగ్టన్, ఎర్ల్ హైన్స్, కౌంట్ బేసీ అందరూ పియానో ముందు కూర్చుని బృందాలను నడిపినవారే. వీరికి ముందు న్యూయార్క్ హార్లెమ్ ప్రాంతంలో ‘స్ట్రైడ్’ అనే పియానో శైలి వర్ధిల్లింది. జేమ్స్ పి. జాన్సన్, అతని శిష్యుడు ఫ్యాట్స్ వాలర్ దీనికి ప్రముఖులు. ఈ శైలిలో ఎడమచెయ్యి ఒకటి, మూడు దెబ్బలకు మంద్రస్వరాన్ని, రెండు, నాలుగు దెబ్బలకు మధ్యస్థాయిలో స్వరగుచ్ఛాన్ని వాయిస్తూ అటూ ఇటూ దూకుతుంది. కుడిచెయ్యి పాటను పలికిస్తుంది. అనగా బాస్, గిటారు, డ్రమ్స్ పనిని ఎడమచెయ్యి, ఊదువాద్యాల పనిని కుడిచెయ్యి బ్యాండు రూపొందక ముందే చేస్తున్నాయి. జాన్సన్ రచన ‘కెరొలైనా షౌట్’ను యువకుడైన ఎల్లింగ్టన్ యాంత్రిక పియానోపై రోల్‌ను నెమ్మదిగా తిప్పుతూ, వాటంతట అవే కిందికి దిగే మెట్లపై వేళ్లుంచి నేర్చుకున్నాడు. తర్వాతి కాలంలో తన బృందానికి రచించిన సంగీతానికి పునాది ఈ అభ్యాసంలో ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

స్వింగ్ లయను తెలుగు పాఠకులకు చతురస్ర, తిస్ర నడల సంబంధంతో వివరించవచ్చు. ఒక దెబ్బను మూడు భాగాలు చేసి, మొదటి రెండింటిని కలిపి పట్టి, మూడవదానిపై రెండవ స్వరాన్ని వేస్తే స్థూలంగా స్వింగ్ నడక వస్తుంది. అయితే వేగం పెరిగినకొద్దీ ఈ నిష్పత్తి సమానత్వం వైపు జరుగుతుంది. కనుక దీనిని తిస్రమని నిర్ధారించి ఊరుకోవడం సరికాదు.

బ్యాండు రచనను పియానోలోకి తేవడంలో అసలు చిక్కు స్వరాలను తగ్గించడంలో లేదు, ఏ వాద్యం ఏ పని చేస్తున్నదో గుర్తించడంలో ఉంది. ఇందుకు బేసీ మంచి ఉదాహరణ. 1937లో రికార్డయిన ‘వన్ ఓ’క్లాక్ జంప్’ వంటి వాటిలో అతని పియానో అతి పొదుపైనది. ఇక్కడొక స్వరం, అక్కడొక చిన్న పలుకు, నడుమ నిశ్శబ్దం. ఆ పొదుపు సాధ్యమైనది ఫ్రెడ్డీ గ్రీన్ గిటారు, వాల్టర్ పేజ్ బాస్, జో జోన్స్ డ్రమ్స్ లయభారాన్ని మోయడం వల్లనే. కాబట్టి సోలో వాదకుడు బేసీ వాయించినదాన్నే యథాతథంగా వాయిస్తే మిగిలేది అస్థిపంజరం. అతడు అనుకరించవలసినది ముగ్గురు సహవాద్యకారులను.

గ్లెన్ మిల్లర్ బృందం విషయం వేరు. 1939 నాటి ‘మూన్‌లైట్ సెరెనేడ్’లో క్లారినెట్ ప్రధాన బాణీని పలుకుతుంటే, ఒక టెనర్ శాక్సఫోన్ అదే బాణీని ఒక స్థాయి కిందుగా అనుసరిస్తుంది. తక్కిన శాక్సఫోన్లు ఆ రెంటి నడుమ ఇమిడి ఉంటాయి. పియానోలో ‘లాక్డ్ హ్యాండ్స్’ అని ప్రసిద్ధమైన పద్ధతి నిర్మాణమూ ఇదే: కుడిచేతి పైస్వరాన్ని ఎడమచెయ్యి ఒక స్థాయి కింద రెట్టిస్తుంది, మధ్యస్వరాలు వాటి నడుమ ఒదుగుతాయి. లయనెల్ హ్యాంప్టన్ బృందంలోని మిల్ట్ బక్నర్, ఆ తర్వాత జార్జ్ షేరింగ్ ఈ పద్ధతికి వ్యాప్తి తెచ్చారు. రెండు చేతులూ తాళం వేసినట్లు కలిసి కదలడం వల్ల ఆ పేరు వచ్చింది.

1938 జనవరి 16న కార్నెగీ హాలులో బెన్నీ గుడ్‌మన్ బృందం ‘సింగ్, సింగ్, సింగ్’ వాయించింది. డ్రమ్స్ హోరుకు పేరుపడిన ఆ రచన చివరిభాగంలో, ముందుగా అనుకోకుండానే, జెస్ స్టేసీ పియానోకు అవకాశం దక్కింది. అతడు హోరును పెంచలేదు, తగ్గించాడు. ఆ కచేరీలో విమర్శకులు నేటికీ ప్రస్తావించే ఘట్టాలలో అది ఒకటి.

బృందాల క్షీణతకు సంగీతేతర కారణాలు బలమైనవి. 1942 ఆగస్టులో వాద్యకారుల సంఘం రికార్డింగులను నిలిపివేసింది. 1944లో అమెరికా ప్రభుత్వం నృత్యం, గానం ఉన్న విందుశాలలపై 30 శాతం పన్ను విధించి, కొద్ది నెలలకే 20 శాతానికి తగ్గించింది. కేవలం వాద్యసంగీతానికి ఆ పన్ను లేదు. పదిహేను మందికి జీతాలిచ్చి పన్ను కట్టడం కంటే ఒక పియానో వాదకుణ్ణి కూర్చోబెట్టడం యజమానికి లాభసాటి. ఒక శైలి మనుగడను ఒక్కొక్కప్పుడు పద్దుపుస్తకం నిర్ణయిస్తుంది.

ఈ సంగీతం భారతదేశానికి రికార్డుల ద్వారానే కాక మనుషుల ద్వారానూ వచ్చింది. 1935లో లియన్ ఆబీ బృందం బొంబాయి తాజ్‌మహల్ హోటలులో వాయించింది. వీరికన్న గమనార్హుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్. 1903లో వర్జీనియాలో జన్మించి, షికాగోలో అర్‌స్కిన్ టేట్ బృందంలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సరసన వాయించిన పియానో వాదకుడితడు. 1926లో ఆసియాకు బయలుదేరి షాంఘైలో పేరు గడించాడు, 1937లో పారిస్‌లో సోలో పియానో రికార్డులిచ్చాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కలకత్తా గ్రాండ్ హోటలులో బృందాన్ని నడిపాడు. 1945లో ఆ నగరంలోనే కలరాతో మరణించాడు. ఒకే వ్యక్తిలో సోలో వాదకుడు, బృందనాయకుడు కలిసి ఉండటం అమెరికాలో వలెనే ఇక్కడా కనిపిస్తుంది.

1963 శరత్కాలంలో అమెరికా విదేశాంగశాఖ పంపిన ఎల్లింగ్టన్ బృందం ఢిల్లీ, బొంబాయిలతో పాటు మద్రాసులోనూ కచేరీ చేసింది. నాటికి తెలుగు చలనచిత్ర సంగీతానికి కేంద్రం ఆ నగరమే. ‘చంద్రలేఖ’ (1948)లో పెద్ద వాద్యబృందంతో పాశ్చాత్యరీతులను మేళవించిన సాలూరు రాజేశ్వరరావు వంటివారు అక్కడే పనిచేస్తున్నారు. ఆనాటి చిత్రాలలో నాయకుడు పుట్టినరోజు వేడుకలో పియానో ముందు కూర్చుని పాడే సన్నివేశం ప్రేక్షకులకు చిరపరిచితం. తెరపై రెండు చేతులు మెట్లమీద ఆడుతుంటాయి, వినిపించేది మాత్రం తీగవాద్యాల సమూహం. సోలో పియానోకు ఇది తలకిందులైన రూపం. అక్కడ ఒక్కడు బృందంగా వినిపిస్తాడు, ఇక్కడ బృందం ఒక్కడుగా కనిపిస్తుంది. తెలుగు సినీ సంగీత పరిశోధన రాగనిర్ణయంపై, సాహిత్యంపై చూపిన శ్రద్ధ వాద్య సంవిధానంపై చూపలేదు. ‘పాశ్చాత్య బాణీ’ అన్న ఒక్క మాటతో ఈ అంశాన్ని దాటవేయడం వల్ల ఎవరు ఏ వాద్యంతో ఏ పని చేశారన్న ప్రశ్న అడగకుండానే మిగిలిపోయింది. ఒక పాటను రెండు చేతుల పియానోలోకి దించి చూడటం ఈ పరిశోధనకు పనికివచ్చే సాధనం. ఏది నిర్మాణమో, ఏది అలంకారమో అప్పుడు తేలుతుంది.

నేడు హైదరాబాదులోని ప్రగతి నగర్ వంటి కాలనీలలో, అపార్ట్‌మెంటు గదికి సరిపడే ఎలక్ట్రానిక్ కీబోర్డుదే వాడుక. వీటిలో పలు నమూనాలకు ‘స్వింగ్’, ‘బిగ్ బ్యాండ్’ అనే స్టైల్ మీటలుంటాయి. మీట నొక్కి ఎడమచేతితో స్వరగుచ్ఛాన్ని పట్టి ఉంచితే డ్రమ్స్, బాస్, ఊదువాద్యాలు వాటంతటవే మోగుతాయి. నేర్చుకునేవారికి ఇది ఆకర్షణీయమే, కానీ జాన్సన్ నుండి వెదర్‌ఫర్డ్ వరకు తరం ఒకటి సాధించిన పని యంత్రం చేతికి పోతుంది. మీట ఆపివేసి అదే పాటను వాయించమంటే, కుడిచెయ్యి సాగుతుంది, ఎడమచెయ్యి ఉన్నచోటనే నిలిచిపోతుంది.