ఇంగ్లీషు పరుగు, కాశిబుగ్గ నడక

వరంగల్ కాశిబుగ్గలో దుకాణదారు చిరిగిన నోటును అటూ ఇటూ తిప్పి చూసి ‘నడువది’ అంటే అది చెల్లదని అర్థం; మగ్గం, బస్సు, కోర్టులో కేసు మాత్రం అక్కడ ‘నడుస్తయి’. ఈ చివరి మూడింటికీ ఇంగ్లీషులో ‘రన్’ అనే క్రియ సరిపోతుంది గనుక, ఒకే పనికి ఒక భాష నడకను, మరొక భాష పరుగును ఎంచుకున్నాయన్నమాట.

పాత ఇంగ్లీషులోని ‘రిన్నన్’, వైకింగుల భాషలోని ‘రెన్న’ కలిసి రూపొందిన ఈ క్రియ మనుషుల పరుగు నుంచి, నీటి ప్రవాహం నుంచి బయలుదేరి, ఆవిరి యంత్రాల కాలానికి రైళ్లకూ మిల్లులకూ వ్యాపారాలకూ పాకింది. 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువులో అతి పొడవైన ఆరోపం, అంటే ఒక మాట కింద ఇచ్చే వివరణ, ‘సెట్’ది కాగా, కొత్త కూర్పు కోసం పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ‘రన్’ను నవమాసాలు మోసి 645 అర్థాలు తేల్చడంతో అగ్రస్థానం చేతులు మారింది.

తెలుగుకు అటువంటి క్రియ లేకపోలేదు. బండి ఱతో, అంటే ఇప్పుడు వాడుక తప్పిన గరుకు రకారంతో రాసే ‘పాఱు’ ఒకప్పుడు పరుగెత్తడానికీ ప్రవహించడానికీ కూడా చెల్లేది. దాని కన్నడ తోబుట్టువు ‘హారు’ ఎగరడం, దూకడం అనే అర్థాల్లో నిలిచింది. తెలుగులో పరుగు ‘పారిపోవు’లో తలదాచుకోగా, ప్రవాహం కాలువలకు మిగిలి, పని సాగడమనే అర్థం ‘పాచిక పారింది’ అన్న నానుడికి పరిమితమైంది. ముక్కు కారడానికి, చక్రం తిరగడానికి వేరే క్రియలున్నాయి. ఉత్త పరుగు కోస్తాలో ‘పరుగెత్తు’, తెలంగాణలో ‘ఉరుకు’ అయింది. ఇంత సత్తువగల క్రియను ముక్కలుగా పంచుకోవడం భాషకు నష్టమే. పాచికకు దక్కిన అర్థం బతికి బట్టకట్టి ఉంటే 1934లో వరంగల్‌లో వెలసిన ఆజంజాహి మిల్లు కూడా ‘పారేది’.

ఆ మిల్లు ‘నడిచింది’. నిజాం రాజ్యంలో రాజభాషగా ఉన్న ఉర్దూ ‘చల్‌నా’ ప్రభావమే దీనికి కారణమనడం సగం నిజం. తమిళ ‘నడ’, కన్నడ ‘నడె’ సైతం నడవడాన్నీ జరగడాన్నీ కలిపే చెబుతాయి గనుక బీజం ద్రావిడమే, ఉర్దూ దానికి బలమిచ్చిందనడం సబబు.

ఇంగ్లీషు క్రియ ఇప్పుడు ‘రన్నింగ్ బస్సు’గా, ‘షాపు రన్ చేయడం’గా తెలుగులోకి నేరుగా వస్తోంది. సినిమా మాత్రం ఇంకా ‘ఆడుతూనే’ ఉంది. ఇక క్రికెట్ వార్తల్లో ‘రన్’ను పత్రికలవారు తు.చ. తప్పకుండా ‘పరుగు’ చేశారు, బంతి బౌండరీ దాటి బ్యాటరు అడుగైనా కదపనప్పుడు సైతం నాలుగు పరుగులే రాస్తారు.