తమను తాము గాయపరచుకునే పిల్లలు

యవ్వనస్థుల్లో కొందరు తమ శరీరాన్ని తామే గాయపరచుకుంటారు. చాలాసార్లు అది చనిపోవాలని కాదు, భరించలేని మనోవేదన కాసేపైనా తగ్గుతుందని. ‘అంతా నటన’ అని కొట్టిపారేస్తుంటాం గాని, నటించేవారు గాయాలు దాచుకోరు. ఇలాంటి పిల్లలకు తర్వాత ఆత్మహత్య ప్రమాదం కూడా ఎక్కువే.

దుఃఖం, కోపం, సిగ్గు పొంగినప్పుడు మాటల్లో చెప్పుకోలేకపోవడం, ఎప్పుడూ తనను తానే నిందించుకోవడం, డిప్రెషన్, చిన్ననాడు పడిన వేధింపులు, ఇక ఏదీ మారదన్న నిరాశ దీని వెనుక కనిపిస్తాయి. అమెరికా మనస్తత్వవేత్త థామస్ జాయినర్ 2005లో ఆత్మహత్యపై రాసిన పుస్తకంలో రెండు తలంపులను ప్రత్యేకంగా చూపాడు: నేను ఎవరికీ చెందను, నేను అందరికీ భారం. ఇంటర్ ఫీజుకు నాన్న చేసిన అప్పు గురించి రోజూ వినే పిల్లవాడికి రెండోది ఎంత దగ్గరో ఆలోచించండి.

అలాంటి బిడ్డతో ముందుగానే ‘నీకు విశ్వాసం లేదు’ అంటే సిగ్గు ఇంకా పెరుగుతుంది. ఆ పేరును ప్రార్థన మనవుల్లో చదవకండి. పక్కన కూర్చుని, ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ప్రార్థిస్తూనే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్, 14416, రాత్రింబవళ్లు ఉచితంగా తెలుగులోనూ పలుకుతుంది. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి వెళ్లనివారున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్షించకూడదంటుంది.