ఇన్సులిన్‌ను వదిలేసిన అంకె

గ్లైసీమిక్ ఇండెక్స్ మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు దాదాపు ఒకే కథ చెబుతాయి. తిన్న పదార్థం రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే ఈ కొలమానాన్ని 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం తెచ్చింది. అంకె తక్కువున్నవి తింటే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది, ఇన్సులిన్ కూడా అదుపులో ఉంటుంది. ఆ ‘ఇన్సులిన్ కూడా’ దగ్గరే నా పేచీ.

1922లో ఇన్సులిన్ ఇంజెక్షన్ వచ్చేదాకా మధుమేహానికి పథ్యమంటే ఇంచుమించు ఉపవాసమే. తర్వాత కట్టడి సడలింది. పంచదార వేగంగా, పిండిపదార్థాలు నిదానంగా అరుగుతాయన్న నమ్మకం మాత్రం చాలాకాలం నిలిచింది. రక్తంలో ఇన్సులిన్ ఎంతుందో కచ్చితంగా కొలిచే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్తలు యాలో, బెర్సన్‌లు 1960 ప్రాంతంలో చేతికిచ్చారు.

దాన్ని పథ్యానికి వాడుకున్నది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిలిస్ క్రాపో, రీవెన్, ఓలెఫ్‌స్కీలు. 1976-77లో వారు బంగాళాదుంప, అన్నం, మొక్కజొన్న, రొట్టెలను పిండిపదార్థం సమంగా ఉండేలా తినిపించి, చక్కెరతోపాటు ఇన్సులిన్‌నూ కొలిచారు. బంగాళాదుంప ఇంచుమించు గ్లూకోజులాగే ప్రవర్తించింది; అన్నం, మొక్కజొన్న అంత పెంచలేదు. అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఉన్న జెంకిన్స్, గ్వార్ జిగురు కలిపిన ఆహారంతో చక్కెర, ఇన్సులిన్ రెండూ తగ్గుతాయని చూపాడు. ఆ జిగురు మన గోరుచిక్కుడు గింజలదే. అంటే ఇండెక్స్ పుట్టకముందే ఇన్సులిన్ లెక్కలోకి వచ్చేసింది.

మరి 1981 పత్రంలో? 62 పదార్థాలు, ఒక్కోదానికి 5 నుంచి 10 మంది ఆరోగ్యవంతులు, 50 గ్రాముల పిండిపదార్థం, రెండు గంటల చక్కెర రేఖ. ఇన్సులిన్ కొలత లేదు. దాన్ని తప్పుపట్టలేం. చక్కెరకు వేలికొన నుంచి ఓ బొట్టు నెత్తురు చాలు; ఇన్సులిన్ పరీక్షకు అప్పట్లో రేడియోధార్మిక పదార్థాలు, ప్రత్యేక ప్రయోగశాల కావాలి. ఇండెక్స్ ఊరూరా పాకడానికి ఆ సులువే కారణమని నా అభిప్రాయం. 1980లలో దాన్ని గట్టిగా ఎదిరించిందీ స్టాన్‌ఫర్డ్ వారే: కూర, నూనె, మాంసం కలిసిన భోజనంలో ఈ తేడాలు నిలవవన్నారు. వారు లెక్కగట్టిన తీరే తప్పని టొరంటో బృందం బదులిచ్చింది. ఆ వాదులాట ఇప్పటికీ పూర్తిగా తెగలేదు.

1997లో సిడ్నీలో సుజాన్ హోల్ట్, జెనీ బ్రాండ్ మిల్లర్ 38 పదార్థాలకు నేరుగా ఇన్సులిన్ కొలిచారు. చాలావాటిలో చక్కెర, ఇన్సులిన్ కొలతలు రెండూ కలిసే నడిచాయి. ఇది ఇండెక్స్ పక్షాన చెప్పుకోవలసిన మాటే. కానీ తెల్లరొట్టెను 100గా తీసుకుంటే పాస్తాకు 40 వచ్చిన చోట గొడ్డుమాంసానికి 51, చేపకు 59 వచ్చాయి. 2001లో స్వీడన్‌లోని లుండ్ పరిశోధకులు పాలను, పులియబెట్టిన పాలను పరీక్షిస్తే చక్కెర సూచిక 15-30 మధ్యే ఉంది, ఇన్సులిన్ సూచిక మాత్రం 90 దాటింది. అందుకని పెరుగు మానెయ్యమని కాదు. తిన్నాక కాసేపు పెరిగే ఇన్సులిన్, రోజంతా ఎక్కువగా ఉండే ఇన్సులిన్ ఒకటి కావు. అయితే చక్కెర అంకె చూసి ఇన్సులిన్ సంగతి చెప్పేయడం కుదరదు.

2014లో 163 మందిపై జరిగిన అమెరికా ప్రయోగంలో తక్కువ ఇండెక్స్ ఆహారం ఇన్సులిన్ పనితీరును మెరుగుపరచలేదు. 2021లో జెంకిన్స్ బృందమే అయిదు ఖండాల పరిశీలనలో ఎక్కువ ఇండెక్స్ ఆహారానికీ గుండెజబ్బులకూ సంబంధం చూపింది. అది కార్యకారణ రుజువు కాదు, అలాగని కొట్టిపారేసేదీ కాదు.

ఇక మన దగ్గర తెలంగాణ సోనా బియ్యానికి ఇండెక్స్ 51 చుట్టూ ఉందని గట్టి ప్రచారం. మంచి వంగడమే, సందేహం లేదు. కానీ 50 గ్రాముల పిండిపదార్థమంటే వండిన అన్నం సుమారు 180 గ్రాములు. ‘షుగర్ ఫ్రీ బియ్యం’ అని నమ్మి కంచం నిండా పెట్టుకునేవారికి ఆ అంకె ఏ రక్షణా ఇవ్వదు. బస్తా మీద ఇండెక్స్ అచ్చువేసేవారు, ఎంత అన్నానికి ఆ లెక్క, ఎందరిపై పరీక్షించారు, ఇన్సులిన్ కొలిచారా లేదా అన్నవీ పక్కనే అచ్చువేయాలి.