ఢాంచాల తారీఖ్‌లో మన రస్మ్-ఉల్-ఖత్

మా భీమ్‌గల్‌లో బీటెక్ చదివే పిల్లలు నన్ను అడిగే సవాల్ ఒకటే. "చాచా, పసుపు ధరలు చూపే యాప్ కట్టాలంటే ఏ ఫ్రేమ్‌వర్క్ మంచిది? జాంగోనా, లారావెలా, రియాక్టా?" ఏది స్పీడు, దేనికి నౌకరీలు ఎక్కువ అన్న బహస్ వాళ్లే చేసుకుంటారు. నేను మాత్రం వాటి తారీఖ్ చెప్తాను. ఏ ఢాంచా ఏ ఇంట్లో పుట్టిందో, ఆ ఇంటి ఆదత్‌లు దాంట్లో ఉండిపోతాయి.

ఢాంచా అంటే ఫ్రేమ్‌వర్కే. లాగిన్, డేటాబేస్, ఫారాలు లాంటి ప్రతి అప్లికేషన్‌కూ అవసరమయ్యే పనులకు ఒక తర్తీబ్‌లో ముందే రాసిపెట్టిన కోడ్. స్టార్టర్ కిట్ ఇంకో అడుగు ముందుకేసి, పేజీలు కూడా కట్టి తాళంచెవి చేతికిస్తుంది.

2004లో రైల్స్ వచ్చింది. షికాగోలోని ఓ చిన్న కంపెనీ తన బేస్‌క్యాంప్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి దాన్ని విడదీసి లోకానికిచ్చింది. జాంగో కిస్సా నాలాంటి సహాఫీకి మరీ ఇష్టం. అది పుట్టింది ఒక అఖ్బార్ దఫ్తర్‌లో. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే చిన్న ఊరి పత్రికలో 2003లో ఏడ్రియన్ హోలొవాటీ, సైమన్ విల్లిసన్ దాన్ని మొదలుపెట్టారు. ఖబర్ వచ్చిన గంటల్లోనే దానికో పేజీ నిలబెట్టాలి, అదీ వాళ్ల మజ్బూరీ. 2005 జూలైలో దాన్ని అందరికీ ముఫ్త్‌గా ఇచ్చేశారు.

అదే జమానాలో మన అఖ్బార్ల హాల్ గుర్తు చేసుకోండి. ఉర్దూలో కాతిబ్‌ల చేతిరాత పోయి 1981లో నూరీ నస్తాలీక్, 1994లో ఇన్‌పేజ్ వచ్చాయి. కానీ ఇన్‌పేజ్ కోడ్ దానిదే వేరు. అందుకే చాలా ఉర్దూ పత్రికలు వెబ్‌లో హర్ఫ్‌ల బదులు పేజీల తస్వీర్లు పెట్టేవి. తెలుగు పత్రికలదీ ఇంచుమించు అదే తకలీఫ్. ఎవరి ఫాంట్ వాళ్లది, దించుకుంటేనే చదవగలం. తెలుగు, అరబీ లిపులు రెండూ 1991లోనే యూనికోడ్‌లోకి ఎక్కినా, మన తెరల మీదికి దిగడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ తర్వాత ఢాంచాల బాజార్ పెరిగింది. 2011లో టేలర్ ఒట్‌వెల్ లారావెల్, అదే ఏడాది ట్విట్టర్ నుంచి బూట్‌స్ట్రాప్, 2013లో ఫేస్‌బుక్ రియాక్ట్. వీటి మధ్య ముకాబ్లాలో నేను చూసేది ఒకటే: ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుందన్న సంగతి దేనికి తెలుసు?

జాంగోకు తెలుసు. దాని జబాన్ల ఫెహ్రిస్త్‌లో తెలుగూ ఉంది, ఉర్దూ ఉంది. కుడి నుంచి రాసే భాషల జాబితా విడిగా ఉంది, అందులోనూ ఉర్దూ ఉంది. లారావెల్ ఇంగ్లీషుతో వస్తుంది, మిగతావి మనం తెచ్చుకోవాలి. రియాక్ట్ ఆ జిమ్మేదారీ పూర్తిగా మనకే వదిలేస్తుంది. బూట్‌స్ట్రాప్‌లో అయితే పదేళ్లు 'ఎడమ', 'కుడి' అనే పేర్లే నడిచాయి. 2021లో వచ్చిన అయిదో వెర్షన్‌లో వాటిని 'మొదలు', 'చివర' అని మార్చారు. చిన్న మాటే. కానీ ఉర్దూకు మొదలు కుడివైపే కదా! వెబ్ అసలు జబాన్ హెచ్‌టీఎంఎల్ ఈ దిశ మాట 1997లోనే ఒప్పుకుంది. దాని మీద కట్టినవాళ్లకే అన్నేళ్లు పట్టింది.

ఇది ఉత్త సింగార్ సంగతి కాదు. ఉర్దూ వాక్యంలో అడ్డగీతతో ఫోన్ నంబర్ రాస్తే, దిశ చెప్పకపోతే ఎస్టీడీ కోడ్ వెనక్కి పోయి, అసలు నంబర్ ముందుకొస్తుంది. మండీకి ఫోన్ చేయాల్సిన మనిషి తప్పు నంబర్ నొక్కుతాడు. మన నిజామాబాద్ మార్కెట్, 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలైన తొలి 21 మండీల్లో ఒకటి. ధర తెర మీదికి ఎప్పుడో వచ్చింది. ఉర్దూ మాత్రమే చదవగలిగే మా అమ్మీ లాంటివాళ్లకు ఆ తెర సరిగ్గా చదవవస్తుందా అన్నదే సవాల్. తెలంగాణలో ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. ఆ హక్ కాగితం నుంచి కోడ్‌లోకి కూడా దిగాలి.

కిట్ల ఉమ్ర్ కూడా చూడాలి. 2016లో వచ్చిన క్రియేట్ రియాక్ట్ యాప్‌తో ఎందరో పని మొదలుపెట్టారు. 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ వాళ్లే, కొత్త పనులకు ఇక దాన్ని వాడొద్దన్నారు. గూగుల్ వారి యాంగ్యులర్ జేఎస్‌కు సహారా 2022 జనవరితో ఆగిపోయింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు తీరిక వేళల్లో నడిపే యాప్‌కు రెండేళ్లకోసారి ఇల్లు మారే తాకత్ ఉండదు.

అందుకే నా మష్వరా ఇది: మా కస్బా పనికి జాంగో. అది మిగతావాటికన్నా గొప్పదని కాదు. డెడ్‌లైన్ ఉన్న చిన్న పత్రిక కోసం పుట్టింది, ఇరవై ఏళ్లుగా నిలబడింది, మన రెండు జబాన్ల పేర్లూ దానికి తెలుసు. ఇంకేది ఎంచుకున్నా పర్వాలేదు బేటా, మొదటి రోజే ఒక ఉర్దూ పేజీ, ఒక తెలుగు పేజీ, రెండింట్లో ఒక ఫోన్ నంబర్ పెట్టి చూడు. అది సరిగ్గా కనబడ్డాకే రంగుల మాట.