కట్టకుండా వదిలిన జాగా: సమకాలీన వియత్నాం పట్టణ గృహాల్లో గాలి, వెలుతురు, ప్రమాదం

వియత్నాం కొత్త ఇళ్ల గురించి విదేశీ పత్రికలు వేసే ఫొటోల్లో ముందుగా కంటికి తగిలేది పచ్చదనం. కాంక్రీటు తొట్లలోంచి వేలాడే తీగలు, డాబాల మీద ఏపుగా పెరిగిన చెట్లు. ఆ దేశపు సమకాలీన వాస్తుశిల్పానికి ఇదే గుర్తుగా స్థిరపడిపోయింది. నా వాదన వేరు. అక్కడి వాస్తుశిల్పులు సాధించిన అసలు విజయం మొక్కల్లో లేదు, ఇరుకు స్థలంలో కట్టకుండా వదిలిన జాగాలో ఉంది. ఆ జాగాను పరిశీలించకుండా మొక్కలను మెచ్చుకోవడం సగం చదువే.

1986లో దొయ్ మొయ్ ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక నగరాల్లో సొంత ఇళ్ల నిర్మాణం జోరందుకుంది. హనోయిలోనూ హోచిమిన్ నగరంలోనూ ఎక్కువగా కనిపించేది గొట్టపు ఇల్లు. వెడల్పు నాలుగు మీటర్ల దరిదాపు, లోతు పదిహేను, ఇరవై మీటర్లు. రెండు పక్కలా ఇరుగుపొరుగు గోడలు ఆనుకుని ఉంటాయి కాబట్టి కిటికీకి చోటు లేదు. కింద దుకాణమో మోటారుసైకిళ్లో, పైన కుటుంబం. పాత హనోయి వర్తకుల ఇళ్లలో మన మండువా లోగిలి లాగే నడుమ ఆకాశం కనబడే ఖాళీ ఉండేది. జనం పెరిగి, వాటాలు పడి, ఆ ఖాళీల మీద కప్పులు లేచాయి. చదరపు మీటరు ధర మండిపోతున్నప్పుడు గాలి కోసం నేలను వదులుకునేవారు అరుదు.

వాస్తుశిల్పి వో ట్రోంగ్ ఙియా 2011లో హోచిమిన్ నగరంలో పూర్తిచేసిన ‘స్టాకింగ్ గ్రీన్’ ఇంటిని ఈ నేపథ్యంలో చూడాలి. స్థలం 4 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల లోతు. ముందూ వెనకా ఒక పక్కగోడ నుంచి మరో పక్కగోడ దాకా కాంక్రీటు తొట్లు వరుసలుగా పరిచారు. మొక్క ఎత్తును బట్టి వరుసల మధ్య సందు మారుతుంది. నీళ్లు పెట్టే గొట్టాలు తొట్లలోనే ఉన్నాయి. ఇంతవరకూ అందరూ రాసిందే. అయితే లోపల గదుల మధ్య అడ్డుగోడలు తగ్గించి, మెట్ల మీద పైకప్పు తెరవడం వల్లనే ముందునుంచి వచ్చిన గాలి లోపల ఆగిపోకుండా పైకీ వెనక్కీ సాగుతుంది. తొట్లు ఎండనూ వీధి దుమ్మునూ వడకడతాయి, ఇంటిని నడిపేది మాత్రం ఆ ఖాళీయే.

ఈ ఆలోచన జపాన్‌లో చదివి వచ్చిన ఙియాతో మొదలైందని చెప్పడం కూడా సరికాదు. 1955లో ప్రి ద రోమ్ బహుమతి గెలిచిన వాస్తుశిల్పి ఙో వియెట్ థూ సైగాన్‌లో (నేటి హోచిమిన్ నగరం) రూపొందించిన స్వాతంత్ర్య సౌధం 1966లో పూర్తయింది. దాని ముఖభాగంలో వెదురు కణుపుల్ని తలపించే రాతి తెర. ఎండను ఆపుతుంది, గాలిని ఆపదు. అదే కాలంలో సైగాన్ మామూలు ఇళ్ల గోడల్లోనూ సిమెంటు జాలీలు విరివిగా వాడారు.

ట్రాపికల్ స్పేస్ సంస్థ 2014లో దా నాంగ్‌లో కట్టిన ‘టర్మిటరీ హౌస్’ ఆ జాలీని మళ్లీ మట్టి ఇటుకలోకి తెచ్చింది. అయితే దక్షిణాన, నడి వియత్నాంలో నడిచిన పద్ధతి ఉత్తరానికి నేరుగా ఎక్కదు. హనోయిలో చలికాలం ఉంది. చలి తగ్గే రోజుల్లో ‘నోమ్’ అనే తేమకాలం వస్తుంది. చల్లబడి ఉన్న నేలకూ గోడలకూ తడిగాలి తగిలి నీరు కారుతుంది, బట్టలు ఆరవు, జనం కిటికీలు మూసుకుంటారు. హనోయి శివారు దోంగ్ ఆన్‌లో హెచ్ అండ్ పి ఆర్కిటెక్ట్స్ కట్టిన ‘బ్రిక్ కేవ్’ ఇటుక గోడను రెండు పొరలు చేసి, మధ్యలో జాగా వదిలింది. ఇటువంటి చోట ఖాళీ, గాలికి ద్వారంగా కంటే పొరగా ఎక్కువ ఉపయోగపడుతుంది. వాతావరణ భేదాన్ని పక్కనబెట్టి ‘ఉష్ణమండల శైలి’ అని ఒకే ముద్ర వేయడం తొందరపాటు.

ఇదంతా డబ్బున్నవారికే అనేవారికి బియెన్ హోవాలోని ఫార్మింగ్ కిండర్‌గార్టెన్ కొంతవరకు జవాబిస్తుంది. చెప్పుల ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు 500 మంది కోసం, కప్పు మీద కూరగాయల మళ్లతో, తక్కువ ఖర్చులో కట్టిన బడి అది. కాకపోతే దానికి విశాలమైన స్థలం దొరికింది. గొట్టపు ఇంటివారికి ఆ వెసులుబాటు లేదు.

ఈ తెరిచిన ఖాళీల విషయంలో పరిశోధకులు ఎక్కువగా తాకని ప్రశ్న నిప్పుది. 2023 సెప్టెంబరు 12 రాత్రి హనోయిలోని ఖువాంగ్ హా సందులో ఒక చిన్న అపార్టుమెంటు కాలి 56 మంది చనిపోయారు. మంట మోటారుసైకిళ్లు నిలిపే కింది అంతస్తులో పుట్టింది, పొగ ఆ కట్టడంలోని ఒకే ఒక్క మెట్లదారి గుండా పైకి లేచింది. బాల్కనీలకు దొంగల భయంతో ఇనుప ఊచలు. అది వాస్తుశిల్పులు మెచ్చే ఇల్లు కాదు, అనుమతికి మించి అంతస్తులు వేసిన కట్టడం. కానీ గాలిని పైకి లాగే సూత్రం, పొగను పైకి లాగే సూత్రం ఒక్కటే. ఆ దుర్ఘటన తర్వాత ఊచల్లో రెండో దారి తెరవమని అధికారులు ఇంటింటికీ చెప్పారు. తెరిచిన మెట్లను, మొక్కల తెరలను పొగిడే వ్యాసాల్లోనూ ఇదే తనిఖీ జరగాలి: కింద బండ్లు నిలిపే చోటికీ మెట్లకూ మధ్య నిప్పును ఆపే తలుపు ఉందా, పై అంతస్తు నుంచి పక్కింటి డాబాకు దారి ఉందా, ముందువైపు తొట్ల మధ్య, ఇటుక జాలీ మధ్య మనిషి దూరి బయటపడేంత సందు ఎక్కడైనా వదిలారా.